ఎర్రపాగ రాజు వెనక్కి చూడడు

పోయిన నెల మా మనుమడు నన్ను కారులో చిల్కూరు గుడికి తీసుకుపోయాడు. తీసుకుపోయాడనడం తప్పు, బయలుదేరదీశాడు. మొయినాబాద్‌లో మలుపు తిరగాల్సిన చోట ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ ముందుకు ఉరికించాడు. "ఒరే, తొవ్వ దప్పినవ్, బండి ఎనుకకు మలుపు" అన్నాను. వాడు నవ్వి, "అమ్మమ్మా, మా హీరో రివర్స్ గేర్ వెయ్యడు. సినిమా మొత్తంల ఒక్కసారి గూడ వెయ్యడు, తెలుసా? నేను గూడ వెయ్య" అన్నాడు. నిజంగానే వెయ్యలేదు. చేవెళ్ల దాకా పోయి, అక్కడెక్కడో చుట్టు తిరిగి, ఇంకో రోడ్డు పట్టుకుని మేము గుడి చేరేసరికి తలుపులు మూశారు. నా నడుము పట్టేసింది. దేవుడి మొహం చూడకుండా, కొబ్బరికాయ కొట్టకుండా ఇంటికి వచ్చాను.

కొత్త రోగమైతే డాక్టరుకు చూపించమనేదాన్ని. ఇది మా ఇంటి పాత రోగం. అప్పట్లో దీనికి సినిమా కూడా అవసరం లేకపోయింది.

ఆ రోడ్డు అప్పుడు రోడ్డు కాదు, బండ్ల బాట. ఇప్పుడు ఫామ్‌హౌసుల గోడలు లేచిన చోట జొన్నచేలూ కందిచేలూ ఉండేవి. మధ్యమధ్య చెలకల్లో మనిషెత్తు పుట్టలు. మొయినాబాద్‌కు కొంచెం ఇవతల, ఆ బాట పక్కనే మా ఊరు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కోమటి దుకాణం మాది. ముందు దుకాణం, వెనక ఇల్లు. రెంటికీ మధ్య తలుపుండేది కానీ అది మూసినట్టు నాకు జ్ఞాపకం లేదు. అందుకే బెల్లం వాసన, ఎండుమిరపకాయల ఘాటు, కిరసనాయిలు కంపు మా అన్నంలోకీ, పక్కబట్టల్లోకీ వచ్చేవి. నేను పక్కన కూర్చుంటే మా మేనత్త పిల్లలు ముక్కు మూసుకుని "దుకాణమొచ్చిందే" అనేవాళ్లు.

ఇంట్లో బాపు, అమ్మ, మా అన్న, నేను, బాపును కన్న అవ్వ. ఆఖరున చిన్నాయన, అంటే బాపు తమ్ముడు. అప్పటికి పెళ్లి కాలేదు. మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. పని చెబితే కాదనేవాడు కాదు. ఇంత మంచి మనిషి మీద ఇంత విసుగు ఎట్లా వచ్చేదో చెప్పాలంటే ముందు చింతపండు సంగతి చెప్పాలి.

ఎండాకాలంలో దుకాణానికి చింతపండు దిగేది. సాయంత్రం కాగానే ఆడవాళ్లమూ పిల్లలమూ దాని చుట్టూ కూర్చుని గింజలు తీయాలి. పుల్లటి వాసనకు నోరూరుతూనే ఉండేది, వేళ్లు నల్లబడి పగిలేవి. పిల్లలు లేచి పారిపోకుండా అవ్వ కథ చెప్పేది. ఎప్పుడూ ఒకటే కథ, ఎర్రపాగ రాజు కథ. తల్లికి జబ్బు చేస్తే, అడవుల అవతల గుట్ట మీది ఆకు తేవడానికి ఎర్ర తలపాగ చుట్టుకుని బయలుదేరతాడు రాజు. ఆ అడవిలో మనుషులుండరు, గొంతులుంటాయి. ఎవరు పోతే వాళ్ల ఇంటివాళ్ల గొంతులతో వెనకనుంచి పిలుస్తాయి. తిరిగి చూశాడా, నిలుచున్న చోటనే పుట్టైపోతాడు. అంతకుముందు పోయిన వీరులంతా అట్లా పుట్టలైనవాళ్లే. రాజును పెండ్లాం గొంతు పిలిచింది. పాలు తాగే బిడ్డ గొంతు ఏడ్చింది. ఆఖరికి తల్లి గొంతే పిలిచింది.

"సూసిండా?" అనేది అవ్వ, చింతపండు చేతిలో ఆపి.

"సూడలే!" అని మేము అరిచేవాళ్లం. మా అందరికంటే గట్టిగా అరిచేది దుకాణంలో తక్కెడ ముందు కూర్చున్న చిన్నాయన.

మేము అరిచి ఊరుకునేవాళ్లం. చిన్నాయన ఊరుకోలేదు.

మా వైపు పని మీద బయలుదేరినవాణ్ని వెనకనుంచి పిలవరు. పిలిస్తే పని చెడుతుందంటారు. పొరపాటున ఎవరైనా పిలిచారనుకోండి, పోయేవాడు వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతాడు. దోషం పోతుంది. పెద్దవాళ్లు ఆలోచించి పెట్టిన సదుపాయం అది. చిన్నాయనకు ఆ సదుపాయం అక్కర్లేదు. ఎర్రపాగ రాజు వెనక్కి వచ్చి నీళ్లు తాగాడా? లేదు. కాబట్టి ఈయన కూడా తాగడు. బయలుదేరాడంటే పని ముగిసేదాకా తల తిప్పడు.

గిరాకి వచ్చి పప్పు కావాలనేది. చిన్నాయన లోపలి అర్రలోకి రెండడుగులు వేసేవాడు. "పప్పు గాదు సేటూ, బెల్లం" అని వెనకనుంచి కేక. ఇంకేముంది, పప్పే తెచ్చేవాడు. తెచ్చి ముందర పెట్టి, ఎదురుగా నిలబడి, అప్పుడు "ఆ, ఏం గావాలె?" అని అడిగేవాడు. బజారుకు పోతూ ఏదైనా మరిచిపోతే వచ్చిన దారిన తిరిగేవాడు కాదు. ఊరి చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి ఇంటి ముందుకు వచ్చేవాడు. చెప్పులు మరిచి, ఒట్టికాళ్లతో ఊరంతా చుట్టి వచ్చి చెప్పులేసుకుని, మళ్లీ బయలుదేరిన మనిషిని నా బతుకులో ఆయన ఒక్కణ్నే చూశాను.

పిల్లలకు మాత్రం పండగ. చిన్నాయన పల్లీల గోనె భుజాన వేసుకుని వస్తుంటే వెనకాలే నడిచేవాళ్లం. గోనెకు చిన్న చిల్లుండేది, మా అన్న దాన్ని పెద్దది చేశాడు. పల్లీలు ఒలుచుకు తింటూ, వెనకనుంచి నవ్వుతూ, ఒకరి గొంతు ఒకరం వెక్కిరిస్తూ ఇంటిదాకా వచ్చేవాళ్లం. అవి అడవి గొంతులని ఆయన నమ్మకం కాబోలు, మేము నవ్విన కొద్దీ ఇంకా నిటారుగా నడిచేవాడు. ఇంటికి వచ్చాక గోనె దించి చూసి ఆశ్చర్యపోయేవాడు.

అమ్మకు తల ప్రాణం తోకకు వచ్చేది. "నీ రాజు అడివిల తిరిగెటోడు మరిదీ, మనం దుకాణం పెట్టుకున్నోళ్లం. జర తిరిగి చూస్తె ఏమైతది?" అనేది.

"పుట్టనైత వదినా."

"అయితె కానియ్యి. పుట్టవైతె పాములకన్న పనికొస్తవు."

అవ్వ నవ్వి, "పోనియ్యి బిడ్డా, వానికి ధైర్యమన్న ఉన్నది" అనేది. కొడుకు నిటారుగా నడిచిపోతుంటే చూసి ఆమెకు లోపల గర్వం. ఆ గర్వం చూసి అమ్మకు ఇంకా మండేది.

ఆ యేడు వానలు గట్టిగా పట్టాయి. బాపు ఎడ్లబండి కట్టుకుని సరుకుకు పట్నం పోయాడు. వాగు పొంగి అవతలే చిక్కుబడ్డాడు. ఇంట్లో మగదిక్కు చిన్నాయన ఒక్కడే. సరిగ్గా అప్పుడు అవ్వకు జ్వరం తగిలింది. శొంఠి, మిరియాలు, తులసి కషాయం అయింది. మిరపకాయలతో దిష్టి తీయడం అయింది. జొన్నజావ నోట్లో పోస్తే బయటికి వచ్చేది. చేయి పట్టుకుంటే కాలేది. డాక్టరు ఉన్నది చేవెళ్లలో. బండి లేదు, నడిచిపోవాలి. చిన్నాయన వానకు తడవకుండా తల మీంచి గొంగడి కొప్పెర వేసుకున్నాడు.

ఆ రోజుల్లో దవాఖానకు సీసా మనమే తీసుకుపోవాలి. కాంపౌండరు మందునీళ్లు అందులో పోసి, ఏ పూటకు ఎంత తాగాలో తెలిసేటట్టు సీసాకు కాగితం ముక్క కత్తిరించి అంటించేవాడు. అమ్మ బూడిదతో, వేణ్నీళ్లతో ఒక సీసా కడిగి అరుగు మీద పెట్టింది. పక్కనే దీపాలకు నూనె పోసే కిరసనాయిలు సీసా ఉన్నది. చిన్నాయన దాన్ని ఎత్తుకుని నడిచాడు.

అమ్మ బయటికి వచ్చి చూసి గుండె బాదుకుంది. "మరిదీ! అది గాసునూనె సీసా! మరిదీ!"

చిన్నాయన వీపు నిటారైంది.

"ఓ అయ్యా! గాసునూనె!" అని ఎదురింటివాళ్లు అరిచారు. వాడకట్టంతా అరిచింది. ఎంత అరిస్తే అంత వేగంగా నడిచాడు. ముందుకు ఉరికి ఎదురు నిలబడదామని మా అన్న పరుగు తీశాడు కానీ, రేగడి బురదలో మోకాళ్లదాకా దిగబడి అక్కడే ఏడుస్తూ నిలబడ్డాడు. వాణ్ని పీకి బయట వేసేసరికి చిన్నాయన మలుపు దాటిపోయాడు. దోషానికి విరుగుడు ఉన్న లోకంలో, రెండు గుక్కల నీళ్లతో పోయేదానికి ఒక రోజు మొత్తం పోయింది.

దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. నిలువెల్లా తడిసి, చలికి పెదాలు నల్లబడి, మొహం మాత్రం వెలిగిపోతూ. అమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. కాంపౌండరు కూడా అడిగాడట, ఇదేం వాసన అని. "మాది దుకాణం, మా ఇంట్ల అన్నిటికి గదే వాసన" అని ఈయన జవాబిచ్చాడట. అబద్ధం కూడా కాదు. అమ్మ ఆ మందు తీసుకుపోయి పెంటకుప్ప మీద పారబోసి, గడప మీద కూలబడి ఏడ్చింది. అవ్వ జ్వరానికి ఏడ్చిందో, ఈయన తెలివికి ఏడ్చిందో నాకు తెలియదు.

"అంత మొత్తుకుంటిమి గద మరిదీ, ఒక్కళ్ల మాటన్న వినబడలేదా?"

"వినబడ్డది వదినా. అందుకే తిరగలే."

ఆ జవాబు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మంచం మీంచి అవ్వ చిన్నాయనను పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకుంది. నేను తడిగుడ్డ పట్టుకుని అక్కడే ఉన్నాను. "కొడుకా, నేను నీకొకటి చెప్పలే. ఆ రాజు ఒక్కపారి తిరిగి సూసిండు" అన్నది.

"ఎప్పుడు?"

"తల్లి పిలిచినప్పుడు."

"తిరిగితె పుట్టైతడు గద?"

"కాలె."

"ఎందుకు గాలె?"

 అన్ని ఎండాకాలాలు అంత గట్టిగా బిగించి చెప్పిన కథ, ఎక్కడ విప్పాలో ఆమెకే తెలియలేదు. చిన్నాయన ఆమె దుప్పటి సర్ది, "జరంల నీకు కథ యాదికొస్తలేదవ్వా. ఉండు, నేను చెప్త" అని ఆమె కథ ఆమెకే మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లో చెంబు నేలకేసి కొట్టిన చప్పుడు వినబడింది.

అవ్వ కాసేపు విన్నది. తరువాత ఆయన చేయి పట్టుకుని ఆపింది. "ఒరే, ఆ రాజు లేడురా. నేనే కట్టిన. నువ్వు చిన్నగున్నప్పుడు బడికి పొమ్మంటె గడప దాటి తిరిగి సూసెటోనివి. నాలుగు అడుగులేసి మల్ల సూసెటోనివి. నా మొఖం సూసి ఏడ్చుకుంట ఎనుకకొచ్చెటోనివి. బడిల చదువు చెప్పె మౌల్వీసాబు ఇంటికొచ్చి నా మీద గులిగిండు. గీ పిల్లగాడు ఎట్ల బతుకుతడని నాకు ఫికర్ పట్టుకున్నది. అందుకే ఆ రాజును కట్టిన."

 అమ్మ కూడా వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఇక ఈ మనిషి మారతాడని అనుకున్నాం. చిన్నాయన ఆమె చేతిని దుప్పటి లోపలికి సర్దాడు.

"ఆయన లేకుంటె నేను బడికెట్ల పోయిన అవ్వా?" అన్నాడు.

 తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఏం వాదిస్తాం? అయితే ఇన్నేళ్లకు నాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది. ఆ రాజే లేకపోతే అంత వానలో, ఆ బురదలో, అంత దూరం ఒంటరిగా పోయి వచ్చేవాడా ఆ పిరికి పిల్లాడు? మర్నాడు మళ్లీ పోతాననేవాడా? అనేవాడు కాదు. నాకు కోపం అక్కడే. ఆ రాజును పూర్తిగా తిట్టిపోయడానికి కూడా వీలులేకుండా చేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి అవ్వకు ఎగపోత మొదలైంది. గాలి తగులుతుందని మంచం దుకాణం గుమ్మంలోకి జరిపాం. వాన తెరిపి ఇచ్చింది. అమ్మ ఈసారి సీసాను చిన్నాయన ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించి మరీ చేతికిచ్చింది. పిల్లలెవరూ నోరు విప్పొద్దని కళ్లతోనే చెప్పింది. చిన్నాయన కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, లేచాడు, నడిచాడు. వాడకట్టు వాడకట్టంతా అరుగుల మీద నిలబడి చూసింది. ఒక్కరు కూడా మాట్లాడలేదు.

"బిడ్డా!"

అవ్వ గొంతు అది. పోయేవాణ్ని వెనకనుంచి పిలిస్తే మా తొడలు కందిపోయేలా గిల్లే అవ్వ. గట్టిగా పిలిచే శక్తి ఆమెకు లేదు. కానీ ఊరంతా ఊపిరి బిగబట్టి ఉన్నది కదా, వినబడింది.

"ఒక్కపారి ఇటు సూడు కొడుకా."

చిన్నాయన ఆగాడు. బయలుదేరాక ఆయన ఆగడం ఊళ్లో ఎవరూ చూడలేదు. వీపు అట్లాగే నిలబడి ఉన్నది. తిరగకుండా పోతాడేమోనని నాకు భయం వేసింది. అమ్మ గుమ్మం పట్టుకుని, పెదాలు కదిలిస్తూ, చప్పుడు చేయకుండా, "సూడు మరిదీ, సూడు, నీ పుణ్యముంటది" అంటున్నది.

తిరిగాడు. మెడ ఒక్కటే కాదు, మొత్తం మనిషి తిరిగాడు. ఆ మొహం వీరుడి మొహం కాదు. గడప దాటడానికి భయపడే పిల్లాడి మొహం. అవ్వ దాన్ని కళ్లారా చూసింది. చూసి, చేయి కొంచెం ఎత్తి, ఇక పో అన్నట్టు కదిపింది. చిన్నాయన తిరిగి, ఈసారి నడవలేదు, ఉరికాడు.

అవ్వ నవ్వింది. జ్వరం వచ్చిన నాటి నుంచి ఆ మొహంలో నవ్వు చూడలేదు. నా చేయి పట్టుకుని, "ఆ రాజును కన్నతల్లికి గిది దొర్కలే బిడ్డా" అన్నది. తరువాత మాట్లాడలేదు. పొద్దు వాలకముందే పోయింది.

ఏ కథలోనూ వీరుడు మందు తెచ్చేలోగా తల్లి చచ్చిపోదు. కథలో ఆమెకు అంత తీరిక ఉంటుంది.

చిన్నాయన వచ్చేసరికి ఇంటిముందు జనం. సీసా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. శుభ్రమైన సీసా, నిండా మందు, దానికి అంటించిన కాగితం కూడా తడవలేదు. అమ్మ ఎదురు పోయింది. ఆయన సీసా అమ్మ చేతికిచ్చి, "నేను తిరిగి సూసిన వదినా. అందుకే" అన్నాడు.

అప్పటినుంచి మొదలైంది ఇంకో విసుగు. ఇది మొదటిదాని కంటే పెద్దది. "జరం ముదిరి పోయింది మరిదీ, నీ చూపుకు గాదు" అని అమ్మ చెప్పింది. వాగు తగ్గాక ఇంటికి వచ్చిన బాపు చెప్పాడు. ఊరి పెద్దలు చెప్పారు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. మనిషి మాత్రం మారిపోయాడు. ఎవరు పిలిచినా తిరిగేవాడు, పిలవకపోయినా తిరిగేవాడు. గాలికి తలుపు కొట్టుకుంటే తిరిగేవాడు. గిరాకి బెల్లమంటే బెల్లమే వచ్చేది. పల్లీల గోనె వెనక నడవబుద్ధి కాక మేము మానుకున్నాం. అట్లా తిరిగి చూడమనే కదా ఇన్నాళ్లు పోరింది అని అమ్మ ఒకరోజు అన్నది, అని తనే కళ్లు తుడుచుకుంది. తరువాతి ఎండాకాలం చింతపండు ముందు ఎవరూ కథ చెప్పలేదు. దుకాణంలో తక్కెడ గొలుసుల చప్పుడు వింటూ గింజలు తీశాం.

చిన్నాయన పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, చాలాకాలం బతికాడు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా ఆయన పక్కన కూర్చుని చెప్పేదాన్ని. "నువ్వు చూడబట్టి సచ్చిపోలే చిన్నాయనా. నువ్వు చూడబట్టి నవ్వుకుంట పోయింది. నేను పక్కన్నే ఉన్న." ఆయన తల ఊపేవాడు. వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

ఆఖరుసారి పోయేనాటికి ఆయన మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. నాకూ జుట్టు నెరిసింది. మళ్లీ అదే చెప్పాను. గుమ్మం దగ్గర మంచం, అమ్మ పెదాలు కదపడం, ఆయన తిరగడం, అవ్వ నవ్వడం, అవ్వ అన్న మాట. ఏదీ వదలకుండా చెప్పాను. ఈసారి శ్రద్ధగా విన్నాడు. "నవ్విందా?" అని అడిగాడు, మొదటిసారి వింటున్నట్టు.

"నవ్వింది, నవ్వింది, నవ్విందని ఎన్నేండ్ల సంది చెప్తున్న నీకు? చెప్పి చెప్పి నా నోరు అరిగిపాయె" అన్నాను.

 "మంచిగ చెప్తవు బిడ్డా. కని, ఆ రాజైతె సూడకపోతుండె" అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. ఎనభై దాటిన ముసలాణ్ని కొట్టలేం కదా. చెంగు దులుపుకుని లేచాను.

ఆయన నా చేయి పట్టుకున్నాడు. "కూసో, కూసో. ఎటు వోతవు? అవ్వ నవ్వింది మల్లొక్కపారి చెప్పు."

కూర్చున్నాను. మళ్లీ చెప్పాను.